అక్క రిమాండ్‌లో ఉంది, పాపని ములాఖత్‌కి తీసుకెళ్లొచ్చా?

మా అక్క చంచల్‌గూడ మహిళా జైల్లో ఉందండీ. ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంటోంది. అమ్మకి చూపించాలని లెక్కల నోట్సు దిండు కింద పెట్టుకుని మరీ పడుకుంటోంది. మైనర్‌ని లోపలికి పంపిస్తారా?

జవాబు: పెద్దవాళ్లు వెంట ఉంటే పంపిస్తారమ్మా. మీ ఇద్దరి ఆధార్‌లు, పాప బర్త్ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. నోట్సు గేటు దగ్గరే ఆపేయొచ్చు, పాపకి ముందే చెప్పి ఉంచండి.

ఇంకొకరి ప్రశ్న: పాపని జైల్లో తల్లి దగ్గరే ఉంచరా?

జవాబు: ఆరేళ్ల వరకేనండీ. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

జవాబు: ఈ-ములాఖత్ అనే ఆన్‌లైన్ సైట్‌లో వీడియో కాల్ కూడా బుక్ చేసుకోవచ్చు. నన్నడిగితే, మొదటిసారి మాత్రం ఎదురుగానే చూపించండి.