16 గడుల్లో డప్పు దరువు ఇమడటం లేదు

దరువు_2:
మా ఊరి డప్పు కళాకారుల దగ్గర దెబ్బలను విడివిడిగా రికార్డు చేసి తెచ్చుకొని, స్టెప్ సీక్వెన్సర్‌లో (గడుల్లో పెట్టిన దెబ్బలను వరుసగా వాయించే సాఫ్ట్‌వేర్) చిర్ర (కుడిచేతి పొట్టి కర్ర) దెబ్బకు ఒక వరుస, చిటికెన పుల్ల (ఎడమచేతి సన్నని పుల్ల) దెబ్బకు మరో వరుస కేటాయించాను. టెంపో నిమిషానికి 120 బీట్లు. చిర్రను 1, 5, 9, 13 గడుల్లో పెట్టి, నడుమ చిటికెన పుల్లను నింపితే లెక్క తప్పడం లేదు గానీ ఊరేగింపులో వినబడే ఊపు రావడం లేదు. స్వింగ్ ఎంత పెంచినా దరువు తూలుతున్నట్టే ఉంది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో అనుభవమున్న వారు దయచేసి చెప్పగలరు.

తకిట:
మీరు చెబుతున్న ఊపు తిశ్రానిది (బీట్‌ను మూడు సమభాగాలు చేసే నడక) అనిపిస్తోంది. స్వింగ్ సరిసంఖ్య గడులను మాత్రమే ఆలస్యం చేస్తుంది. 3వ గడి, అంటే బీట్‌లో సరిగ్గా సగం, ఉన్నచోటనే ఉండిపోతుంది. తిశ్రంలో ఆ సగం దగ్గర దెబ్బే ఉండదు కనుక స్వింగ్‌తో ఇది ఎన్నటికీ కుదరదు. ప్యాటర్న్ నిడివిని 12 గడులకు తగ్గించి, చిర్రను 1, 4, 7, 10లో పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఇంకా నాలుగు గడులకే ఒక బీట్ అని లెక్కిస్తుంది కాబట్టి టెంపోను 90కి దించితే, మీ చెవికి 120 వేగమే వినబడుతుంది.

రాత్రి_మిక్సింగ్:
తకిట గారి లెక్క సరైనదే, కానీ ఆ 90 వెనుక ఒక చిక్కు ఉంది. టెంపోకు ముడిపెట్టిన డిలే ఎఫెక్ట్ ఏదైనా వాడితే, దాని ప్రతిధ్వని మూడు గడులకు కాక నాలుగు గడులకు వచ్చి పడుతుంది. లోపం శాంపిల్‌లో (రికార్డు చేసిన దెబ్బలో) ఉందనుకొని నేను ఒక రాత్రంతా దాన్ని కత్తిరిస్తూ కూర్చున్నాను. బీట్‌కు 3 గడులు అని మార్చుకొనే సౌకర్యం ఉంటే టెంపోను 120గానే ఉంచి అది వాడండి. లేకపోతే డిలేను 500 మిల్లీసెకన్లని అంకెల్లోనే ఇవ్వండి.

చాపుతాళం:
16 అన్నది శాసనమేమీ కాదు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ మీద 16 మీటలున్నా, అందులోనూ గడుల సంఖ్యను తగ్గించుకొనే వీలుండేది. నేను మిశ్రచాపుకు (3+2+2గా ఏడు అక్షరాల తాళం) అక్షరానికి రెండేసి చొప్పున 14 గడులు పెట్టి, 1, 7, 11లో బలమైన దెబ్బ వేస్తాను. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు బార్ (16 గడుల చుట్టు) నిండాలని చివర రెండు ఖాళీ గడులను చేరుస్తాయి. దరువు ప్రతి ఆవృత్తంలోనూ కుంటుతుంటే ముందుగా అక్కడ చూడండి. 14 గడుల మృదంగం కింద 16 గడుల కిక్‌ను (పెద్ద డ్రమ్ దెబ్బను) వదిలితే రెండూ 112 గడుల తరువాతే మళ్ళీ కలుస్తాయి, ఆ కలిసే చోటు వినడానికి ఎంతో బాగుంటుంది.

దరువు_2:
12 గడులకు మార్చగానే దరువు దారిలో పడింది, అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మరొక ఇబ్బంది: చిటికెన పుల్ల వరుస టైపు మిషన్ కొట్టినట్టుంది.

తకిట:
అన్ని గడులకూ ఒకే వెలాసిటీ (దెబ్బ బలం) ఉండి ఉంటుంది. చిర్ర పడే చోట 115, దాని వెంటనే వచ్చే గడిలో 50, మూడో గడిలో 75 ప్రాంతంలో పెట్టి వినండి. ఒకే శాంపిల్‌ను కాకుండా రెండు మూడు దెబ్బలను మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది.

దరువు_2:
వెలాసిటీ మార్చాక వరుసకు ప్రాణం వచ్చింది. దెబ్బలను మార్చి చూస్తే మాత్రం ఒకటి బిగువుగా, మరొకటి దిగజారి మోగుతున్నాయి. రికార్డు చేసిన క్రమం గుర్తు చేసుకుంటే కారణం దొరికింది: చిర్ర దెబ్బలన్నీ డప్పును మంట దగ్గర కాచిన వెంటనే తీసుకున్నాను, చిటికెన పుల్ల దెబ్బల్లో సగం చర్మం చల్లారి వదులైన తరువాత తీసుకున్నవి. పిచ్ పెంచి సరిచేయబోతే దెబ్బ అంచు పలచబడింది. ఆదివారం మళ్ళీ వెళ్ళి, నాలుగైదు దెబ్బలకొకసారి డప్పు కాపించి రికార్డు చేస్తాను.