ఈ స్వీడిష్ పూల కర్టెన్ ఎవరి డిజైనో ఎలా కనిపెట్టాలి?

స్వీడన్‌లో ఉన్నవాళ్లు, టెక్స్‌టైల్ డిజైన్ తెలిసినవాళ్లు కాస్త హెల్ప్ చేయండి. స్టాక్‌హోమ్‌లో సెకండ్ హ్యాండ్ షాపులో ఒక పాత లినెన్ కర్టెన్ కొన్నా, నిండా గడ్డిపూలే, సందు లేకుండా, షాపామె ఏమో స్వీడన్‌లో పేరున్న టెక్స్‌టైల్ డిజైనర్ జోసెఫ్ ఫ్రాంక్‌ది అయ్యుండొచ్చు అంది కానీ నాకు డౌటే, ఆయన గీస్తే ఒకే కొమ్మకి నాలుగు రకాల పూలు పూస్తాయి, ఊహ ఎక్కువ, ఇవి మాత్రం అచ్చం బయట పూసినట్టే ఉన్నాయి. అందుకే స్వీడన్‌లోని దలార్నా ప్రాంతంలో, లెక్సాండ్ ఊరి దగ్గర యోబ్స్ కుటుంబం 1944లో మొదలుపెట్టిన బట్టల ప్రింటింగ్ వర్క్‌షాప్‌దేమో అనుకుంటున్నా, గోకెన్, లిస్బెత్ అక్కచెల్లెళ్ల డిజైన్లు ఇలాగే ఉంటాయి కదా. మామూలుగా పేరు ప్రింట్ అయ్యుండే బట్ట అంచుని కత్తిరించి మడిచి కుట్టేశారు, అందుకే పేరు ఎక్కడా లేదు. చేత్తో స్క్రీన్ ప్రింట్ వేసిందా, మిషన్‌దా అన్నది డిజైన్ రిపీట్ అయ్యే చోట రంగు అతుకు చూసి చెప్పొచ్చా? ఇంకో డౌట్, మధ్యలో దలార్నా పాత ఇళ్ల గోడల మీద వేసే కుర్బిట్స్ బొమ్మల్లో ఉండేలాంటి పెద్ద ఊహాపుష్పం ఒకటుంది, యోబ్స్ వాళ్లు అలాంటివి కలిపేవాళ్లా? బాగా మాసిపోయింది కూడా, చల్లనీళ్లలో ఉతికితే రంగు దిగుతుందా?