జనరేటరు పొగ: కిటికీలు తెరిస్తే సరిపోతుందా?

నిశిరాత్రి:
కరెంటు పోయినప్పుడల్లా జనరేటరును వసారాలో పెట్టి, కిటికీలన్నీ తెరిచి నడుపుతున్నాము. మొన్న రాత్రి గంట తిరిగేసరికి ఇంట్లో ఇద్దరికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. పొగ వాసన మాత్రం ఎవరికీ తగలలేదు. కారణం జనరేటరేనా? ఆయిలు ఎన్ని గంటలకు మార్చాలో కూడా దయచేసి చెప్పండి.

పాతమెకానిక్:
ఇరవై ఏళ్లుగా ఈ ఇంజన్లు విప్పుతున్నాను. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. వసారాలో వెలువడినది మీరు తెరిచిన కిటికీలలోంచే లోపలికి వస్తుంది. జనరేటరును కనీసం 6 మీటర్ల దూరాన, ఆరుబయట, సైలెన్సరు మూతి ఇంటివైపు లేకుండా పెట్టండి. ఇంతకీ ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు శుభ్రం చేశారు? నా దగ్గరికి వచ్చిన ఒక యంత్రంలో చోక్ (ఇంజనుకు గాలి వెళ్లే దారిలోని మూత) సగం మూసుకుని ఇరుక్కుపోగా, స్పార్క్ ప్లగ్ కొనమీద మసి కాటుకలా పేరుకుని, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. గాలి చాలక పెట్రోలు అరకొరగా మండినప్పుడే ఈ విషవాయువు మరింత పుడుతుంది.

వేకువ:
మా అన్నయ్యకు ఇలాగే తల తిరిగితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరును వేలికి పెట్టి చూశాము. 98 చూపించడంతో ధైర్యపడి పడుకోబెట్టాము. అది మేము చేసిన పెద్ద పొరపాటు. ఈ వాయువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబినును ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఆ పరికరమేమో రెండింటికీ తేడా కనిపెట్టలేదు. అసలు సంగతి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశాకే తెలిసింది.

కొండగాలి:
ఇంట్లో కార్బన్ మోనాక్సైడు అలారాన్ని నేలకు దగ్గరగా బిగించండి. ఇది బరువైన వాయువు కనుక కిందికి దిగుతుంది.

పాతమెకానిక్:
అది వంటగ్యాసు సంగతి. దీని అణుభారం 28, గాలి సగటు 29. ఇది గదంతా కలిసిపోతుంది.

కొండగాలి:
మా ఇంట్లో అలారం కిందే ఉంది, మోగింది కూడా. అనుభవంతో చెప్పినదాన్ని అణుభారాలతో కొట్టిపారేయకండి.

పాతమెకానిక్:
గదంతా నిండితే కింద ఉన్నదీ మోగుతుంది, పైన ఉన్నదీ మోగుతుంది. ప్రాణాల మీదికి వచ్చే విషయంలో ఊహను అనుభవమని చెప్పడం తప్పు. అలారం పడకగది దగ్గర, తయారీదారు సూచించిన ఎత్తులో ఉండాలి.

చెరువుగట్టు:
నెలల తరబడి పెట్రోలు ట్యాంకులోనే వదిలేసినందుకు నా కార్బురేటరు జిగురు పట్టి మూసుకుపోయింది. ట్యాంకు ఖాళీ చేయకుండా జనరేటరును దాచేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

నిశిరాత్రి:
ఈ రోజే ఆరుబయటికి మార్చాము. ఆయిలు సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతమెకానిక్:
చాలా యంత్రాలకు మొదట 20 గంటలకు, ఆపైన ప్రతి 100 గంటలకు మార్చాలి. మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి.

వేకువ:
ఆ ఇద్దరినీ డాక్టరుకు చూపించారా?