రాంటనెన్‌ను వదులుకొని కొలరాడో నష్టపోయిందా? సభ్యుల మార్పుతో లాభపడిన జపాన్ రాక్ బ్యాండ్ ఏది?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో కొలరాడో అవలాంచ్ జట్టు తన ఆటగాడు మిక్కో రాంటనెన్‌ను వదులుకున్న తీరు మీద మన విశాఖ ఐస్ హాకీ అభిమానుల మధ్య ఒక వాదన చాలాకాలంగా తెగకుండా ఉంది. మాటల్లో ఎవరి లెక్క వారిదిగానే మిగిలిపోతోంది కనుక నా వాదనను అంకెలతో సహా ఇక్కడ ఉంచుతున్నాను. విభేదించేవారు కూడా అంకెలతోనే విభేదించాలని నా కోరిక.

ఈ ఆటను కొత్తగా చూస్తున్నవారి కోసం ముందు జరిగినది చెబుతాను. 2025 జనవరి 24న మూడు జట్ల మధ్య కుదిరిన ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) రాంటనెన్ కరోలినా హరికేన్స్‌కు వెళ్లాడు. కొలరాడోకు మార్టిన్ నేచస్, జాక్ డ్రూరీ, వారితో పాటు డ్రాఫ్ట్ ఎంపికలు (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులు) దక్కాయి. మూడో జట్టయిన షికాగో బ్లాక్‌హాక్స్ టేలర్ హాల్‌ను కరోలినాకు పంపి, రాంటనెన్ జీతంలో సగభాగాన్ని తానే భరించింది. రాంటనెన్ ఒప్పందానికి అది చివరి ఏడాది. కరోలినా తరఫున 13 మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్ చేసిన రాంటనెన్ అక్కడ దీర్ఘకాలిక ఒప్పందానికి ఒప్పుకోలేదు. ట్రేడ్‌ల గడువు ముగిసే మార్చి 7న కరోలినా అతన్ని డాలస్ స్టార్స్‌కు ఇచ్చి లోగన్ స్టాంకోవెన్‌ను, రెండు మొదటి రౌండు ఎంపికలను, రెండు మూడో రౌండు ఎంపికలను తీసుకుంది. డాలస్ ఏడాదికి 1.2 కోట్ల డాలర్ల చొప్పున 8 ఏళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే డాలస్, కొలరాడో ఎదురుపడ్డాయి. నిర్ణాయకమైన ఏడో మ్యాచ్ చివరిదైన మూడో పీరియడ్‌లో 0–2తో వెనుకబడిన డాలస్‌ను, ఆ ఒక్క పీరియడ్‌లోనే హ్యాట్రిక్ చేసి రాంటనెన్ గెలిపించాడు. మనకది మే 4, ఆదివారం ఉదయం.

ఆ ఒక్క మ్యాచ్‌ను చూపించి ట్రేడ్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరమంతా శాలరీ క్యాప్ గురించే, అంటే ఒక జట్టు ఒక సీజన్‌లో జీతాలకు ఖర్చు చేయగల గరిష్ఠ పరిమితి గురించి. తన ప్రధాన సెంటర్ (మధ్యలో ఆడే ఆటగాడు) నేథన్ మెకినన్‌కు కొలరాడో ఏడాదికి 1.26 కోట్ల డాలర్లు ఇస్తోంది. ఆ ఒప్పందం మొదలైన 2023–24లో క్యాప్ 8.35 కోట్లు, అంటే అప్పట్లో క్యాప్‌లో 15 శాతం ఆయన ఒక్కడికే వెళ్లింది. 2025–26లో క్యాప్ 9.55 కోట్లకు పెరిగింది కనుక, రాంటనెన్ తీసుకుంటున్న 1.2 కోట్లు అందులో 13 శాతం కూడా కాదు. తరువాతి రెండు సీజన్లకు 10.4 కోట్లు, 11.35 కోట్లు ఉంటుందని లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ప్రకటించింది జనవరి 31న, అంటే ఈ ట్రేడ్ జరిగిన వారానికి. అంత పెరుగుదల కళ్లెదుట కనబడుతున్నప్పుడు, ప్రపంచంలోని మేటి వింగర్లలో (పక్కల నుంచి దాడి చేసేవారిలో) ఒకణ్ణి జీతం భయంతో వదులుకోవలసిన అవసరం ఏముంది? చివరికి 2025 అక్టోబరులో నేచస్‌కే ఏడాదికి 1.15 కోట్ల చొప్పున 8 ఏళ్ల ఒప్పందం ఇచ్చారు. రాంటనెన్‌కూ నేచస్‌కూ మధ్య తేడా 5 లక్షల డాలర్లే.

దీనితో ముడిపడిన రెండో ప్రశ్న, పీరియడ్ల మధ్య విరామంలో మనం పంచుకునే జపాన్ రాక్ గురించి. ఒక సభ్యుడు వెళ్లిపోయి మరొకరు రావడం వల్ల నిజంగా లాభపడిన బ్యాండ్ ఏది? నా ఎంపిక 1992 నాటి లౌడ్‌నెస్ బ్యాండ్. ఎక్స్ బ్యాండ్ నుంచి ఆ ఏడాది మొదట్లో బయటికి వచ్చిన బేస్ గిటారిస్టు తాయిజీ, సప్పోరోలో పుట్టిన ఈజో బ్యాండ్ గాయకుడు మసాకి యమాదా, ఇద్దరూ అందులో చేరారు. లౌడ్‌నెస్ గిటారిస్టు అకిరా తకసాకి వాద్యం అంతకుముందు ఆకాశంలో విహరించేది. ఆ ఇద్దరి రాకతో దానికి నేల మీద నిలబడే బరువు వచ్చిందని నా నమ్మకం.

మొదటి జవాబు (గాజువాక నుంచి)

రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి కొలరాడో మ్యాచ్‌లు మొదలవుతుంటాయి కనుక ఆ జట్టును నేను దగ్గరగానే గమనిస్తున్నాను. మీ అంకెలు సరైనవే, కానీ వాటిని పక్కపక్కన పెట్టిన తీరుతో నేను ఏకీభవించలేను.

నేచస్ కొత్త ఒప్పందం 2026–27 నుంచి అమలులోకి వస్తుంది. 2025–26 సీజన్‌కు అతని జీతం 65 లక్షలే. ఆ సీజన్‌లో రాంటనెన్ ఉండి ఉంటే 1.2 కోట్లు పోయేవి, కాబట్టి కొలరాడోకు మిగిలింది 5 లక్షలు కాదు, 55 లక్షలు. ఆ వెసులుబాటు ఉన్నందువల్లనే 2025 మార్చిలో న్యూయార్క్ ఐలాండర్స్ నుంచి తెచ్చుకున్న సెంటర్ బ్రాక్ నెల్సన్‌కు ఏడాదికి 75 లక్షల చొప్పున మూడేళ్ల ఒప్పందం ఇవ్వగలిగారు. మెకినన్ తరువాత నమ్మదగిన రెండో సెంటర్ లేకపోవడం ఆ జట్టు పాత లోటు. ఒక వింగర్ ఇచ్చే గోల్స్ ఎన్ని అన్నది ఒక లెక్క అయితే, రెండో దాడి వరుస ఆడేంతసేపూ జట్టు కుంగిపోకుండా నిలబడటం మరొక లెక్క. మీరు మొదటిదాన్నే లెక్కించారు.

ఇంకొక సంగతి. డాలస్ ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కొలరాడోలో ఉంది. డాలస్‌లో 1.2 కోట్లకు సంతకం చేసిన ఆటగాడు కొలరాడో జట్టు ఊరైన డెన్వర్‌లో కూడా అంతకే చేసేవాడని అనుకోవడానికి వీల్లేదు. నేచస్ రాంటనెన్ కంటే రెండేళ్లు చిన్నవాడన్నది కూడా 8 ఏళ్ల ఒప్పందంలో చిన్న విషయం కాదు.

ఈ క్లబ్ చరిత్రే ట్రేడ్‌ల చరిత్ర కనుక తొందరపడి తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. 1991 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన ఎరిక్ లిండ్రోస్, తనను ఎంచుకున్న క్యుబెక్ నార్డిక్స్ తరఫున ఆడనని భీష్మించుకున్నాడు. 1992లో నార్డిక్స్ అతన్ని రెండు జట్లకు అమ్మజూపగా మధ్యవర్తి తీర్పుతో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కు దక్కాడు. బదులుగా పీటర్ ఫోర్స్‌బర్గ్, రాన్ హెక్స్టాల్, మైక్ రిచీ, స్టీవ్ డ్యుషేన్ తదితరులు, మొదటి రౌండు ఎంపికలు, 1.5 కోట్ల డాలర్లు క్యుబెక్‌కు వచ్చాయి. 1995లో లిండ్రోస్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నప్పుడు ఆ ట్రేడ్‌లో గెలిచింది ఫిలడెల్ఫియాయేనని అనిపించడం సహజం. అదే వేసవిలో నార్డిక్స్ డెన్వర్‌కు తరలి అవలాంచ్‌గా మారింది. లిండ్రోస్‌కు బదులు వచ్చిన ఎంపికతో 1993లో తీసుకున్న గోలీ (గోల్‌కీపర్) జోసెలిన్ టిబో, 1995 డిసెంబరులో మాంట్రియల్ నుంచి మేటి గోలీ ప్యాట్రిక్ రువాను తెచ్చిన ట్రేడ్‌లో ప్రధాన భాగమయ్యాడు. 1996లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కొలరాడోది. ఒక ట్రేడ్ విలువ తేలడానికి నాలుగేళ్లు పట్టింది, అదీ మరొక ట్రేడ్ మీదుగా. నేచస్ విషయంలో కూడా 2029 వరకు ఆగుదాం.

లౌడ్‌నెస్ గురించి మీతో విభేదిస్తాను. తాయిజీ వాయిద్యంలో పస ఉందన్నది నిజం, కానీ అతను ఆ బ్యాండ్‌లో ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నేళ్లకు తకసాకి తొలినాటి నలుగురితోనే మళ్లీ కలిసి పనిచేశాడు. ఒక్క ఆల్బమ్‌కే పరిమితమైన చేరికను, గడువు రోజున తెచ్చుకొని వేసవిలో పోగొట్టుకున్న ఆటగాడితో సమానంగానే లెక్కిస్తాను.

రెండవ జవాబు (పెదవాల్తేరు నుంచి)

మీ ఇద్దరి వాదనల్లోనూ ఒక మనిషి ఇష్టాయిష్టాలకు చోటు లేకుండా పోయింది. మా అమ్మాయి వుడా పార్కు రింకులో స్కేటింగ్ నేర్చుకుంటోంది కనుక ఆటగాళ్ల వైపు నుంచి ఆలోచించడం నాకు అలవాటయింది. ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే బలమైన నిర్ణయం తీసుకున్నది కొలరాడో కాదు, కరోలినా కాదు. రాంటనెన్ తీసుకున్నాడు. తనను అడగకుండా జనవరిలో పంపించారు. మార్చిలో, ఒప్పందం చివరి నెలల్లో, తన సంతకమే తన ఆయుధమని గుర్తించి నిలబడ్డాడు. నేచస్‌ను, డ్రూరీని ఇచ్చిన కరోలినా ఆరు వారాల్లోనే మళ్లీ బేరానికి కూర్చోవలసి వచ్చింది. సంతకానికి ముందే హామీ లేని ఆటగాడి కోసం అంత మూల్యం చెల్లించడమే అసలు పొరపాటని నేనంటాను. ఆ తరువాత స్టాంకోవెన్ ఏడాదికి 60 లక్షలకు 8 ఏళ్ల ఒప్పందం చేసుకోవడం కరోలినాకు ఊరట.

మన ఊళ్లో ఈ ట్రేడ్ పద్ధతి చాలామందికి కఠినంగా తోచడానికి కారణం ఉంది. ఉక్కు కర్మాగారం, రైల్వే, పోర్టు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి ఆడించిన ఊరు ఇది. ఆటగాడు ఆట మానేసినా ఉద్యోగి అక్కడే ఉండేవాడు. జపాన్ ఐస్ హాకీ కూడా అలాగే పెరిగింది. ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలోని తొమకొమాయ్‌లో ఓజీ కాగితపు కంపెనీ జట్టు, కుషిరోలో నిప్పన్ పేపర్ కంపెనీ జట్టు దశాబ్దాల పాటు ఆ ఆటకు ఆధారంగా నిలిచాయి. 2019లో నిప్పన్ పేపర్ తప్పుకోవడంతో కుషిరో జట్టు రద్దయింది. 2021లో ఓజీ జట్టు రెడ్ ఈగిల్స్ హొక్కైదో పేరుతో స్వతంత్ర క్లబ్బుగా మారింది. అంటే ట్రేడ్ లేని వ్యవస్థలో ఆటగాడికి భద్రత ఉందనుకున్నా, కంపెనీ చేతులెత్తేస్తే జట్టంతా ఒకేసారి రోడ్డున పడుతుంది. ఆ కుషిరోలోనే పుట్టిన గోలీ యుతాకా ఫుకుఫుజీ 2007 జనవరిలో లాస్ ఏంజెలిస్ కింగ్స్ తరఫున బరిలోకి దిగి, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి జపాన్ ఆటగాడయ్యాడు. ఆడింది నాలుగు మ్యాచ్‌లే, అయినా నాకు అతనంటే ఎంతో గౌరవం.

సంగీతం విషయానికి వస్తే నా సమాధానం కూడా హొక్కైదోదే. ఫుకువోకాలో 1995లో పుట్టిన నంబర్ గర్ల్ బ్యాండ్ 2002 నవంబరులో హొక్కైదో నగరమైన సప్పోరోలో చివరి కచేరీ చేసి విడిపోయింది. గాయకుడు ముకాయ్ షూతోకు, డ్రమ్మర్ అహితో ఇనజావాతో కలిసి జాజెన్ బాయ్స్‌ను మొదలుపెట్టాడు. గిటారిస్టు తబూచి హిసాకో 2003లో బ్లడ్‌థర్స్టీ బుచర్స్‌లో చేరింది. 1980లలో సప్పోరోలో మొదలై అప్పటికి ముగ్గురు సభ్యులతోనే నడిచిన బ్యాండ్ అది. యోషిమురా హిదేకి గిటార్ దట్టంగా, పొగమంచులా పరుచుకొని ఉంటుంది. ముగ్గురితోనే నిండుగా ఉన్న ఆ ధ్వనిలోకి రెండో గిటార్ ఎందుకని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె దాన్ని మరింత నింపలేదు. తన జాజ్‌మాస్టర్ గిటార్‌తో పదునైన గీతలు గీసి, యోషిమురా స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో మనకు వినబడేలా చేసింది. 2013లో యోషిమురా మరణించేవరకు ఆమె అందులోనే ఉంది. గాజువాక అన్నగారు అడిగిన స్థిరత్వం ఇక్కడ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమెను ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు.

మూడవ జవాబు (సీతమ్మధార నుంచి)

నేను బోస్టన్ బ్రూయిన్స్ అభిమానిని, కనుక క్లుప్తంగా ఒకటే చెబుతాను. 2005 నవంబరు 30న జో థార్న్‌టన్‌ను శాన్ హోసేకు ఇచ్చి బోస్టన్ మార్కో స్టర్మ్, బ్రాడ్ స్టువర్ట్, వేన్ ప్రీమోలను తీసుకుంది. ఆ సీజన్‌లోనే థార్న్‌టన్ అత్యధిక పాయింట్లకిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీతో పాటు హార్ట్ ట్రోఫీని కూడా గెలుచుకున్నాడు. వచ్చిన ముగ్గురిని చూస్తే బోస్టన్‌కు అది ఘోరమైన ట్రేడ్. కానీ 2006 వేసవిలో అదే బోస్టన్ జ్డేనో చారాను, మార్క్ సవార్డ్‌ను తెచ్చుకోగలిగింది, 2011లో చారా సారథ్యంలో కప్ గెలిచింది. థార్న్‌టన్‌కు కప్ దక్కనే లేదు. క్యాప్ ఉన్న లీగ్‌లో ఖాళీ అయిన జీతం కూడా ట్రేడ్‌లో వచ్చిన ఆస్తే అన్న గాజువాక గారి మాటను నేను సమర్థిస్తాను.

సంగీతంలో నా ఎంపిక ఎక్స్ జపాన్‌లో (పైన చెప్పిన ఎక్స్ బ్యాండే) 2009లో చేరిన గిటారిస్టు సుగిజో. తన బ్యాండ్ లూనా సీని వదులుకోకుండానే, దివంగతుడైన గిటారిస్టు హిదే స్థానంలో నిలబడ్డాడు. హిదేను అనుకరించకుండా వయొలిన్‌ను కూడా తనతో తీసుకువచ్చాడు.

ప్రశ్నించినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. 2025–26లో మిగిలిన 55 లక్షల మాట సరైనదే, అయితే అది ఒక్క సీజన్ వెసులుబాటు. 2026–27 నుంచి నేచస్, నెల్సన్ ఇద్దరి జీతాలూ కలిపి 1.9 కోట్లు. నెల్సన్‌ను తేవడానికి కాలమ్ రిచీ వంటి యువ సెంటర్‌ను, మొదటి రౌండు ఎంపికను కూడా ఇచ్చారు. ఆ మూల్యాన్ని కూడా ఈ ఖాతాలోనే రాయాలి. బోస్టన్ ఉదాహరణలో ఖాళీ అయిన జీతంతో చారా వచ్చాడు. నెల్సన్ 1991లో పుట్టినవాడు, చారా చేసిన పనిని ముప్పై నాలుగేళ్ల సెంటర్ నుంచి ఆశించలేం. కాబట్టి 2029 వరకు ఆగడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఈ రోజు తీర్పు చెప్పమంటే కొలరాడో నష్టపోయిందనే చెబుతాను.

పెదవాల్తేరు మేడమ్ గారు కరోలినా గురించి చెప్పినదాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. సంతకం చేస్తాడన్న భరోసా లేని ఆటగాడి కోసం జట్లు ఇకమీదట ఎంత ఇస్తాయన్నది వేరే చర్చకు తగిన ప్రశ్న, మేడమ్ గారే దాన్ని మొదలుపెడితే బాగుంటుంది. బుచర్స్‌లో తబూచి చేరకముందు వచ్చిన ఆల్బమ్ ఒకటి, చేరిన తరువాత వచ్చినది ఒకటి ఎంపిక చేసి పంపండి. వచ్చే ఆదివారం ఉదయం మ్యాచ్‌కు మొదటి విరామంలో ఒకటి, రెండో విరామంలో మరొకటి పెడతాను.