శుక్రవారం ఇంట్లో ఆడవాళ్ల నమాజు: రెండు రకాతులా, నాలుగా?

గంజాం చెల్లెలు (బరంపురం):
అస్సలాము అలైకుం. మసీదు మైకు మా ఇంట్లోకి బాగా వినిపిస్తుంది. ఇమాం గారి తక్బీరు (‘అల్లాహు అక్బర్’ అనే పలుకు) వింటూ ఇంట్లోనే రెండు రకాతులు (నిలబడి, వంగి, సజ్దా చేసే ఒక్కో విడత) చదివితే జుమా (శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి చదివే నమాజు) అవుతుందా, జొహరే (రోజూ చదివే మధ్యాహ్నం నమాజు) చదవాలా? మగవాళ్లు తిరిగొచ్చేదాకా ఆగాలా? గోడకున్న నమాజు టైంటేబుల్ హైదరాబాద్‌ది. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో చెప్పండి.

పర్లాకిమిడి ఆపా:
వఅలైకుం అస్సలాం చెల్లెమ్మా. అవ్వదు. ఇమాం వెనుక చదవాలంటే ఆ జమాతులో (కలిసి చదివే వరసల్లో) ఉండాలి. మైకులోనో ఫోనులోనో గొంతు వింటూ ఇంట్లో నిలబడితే జమాతులో చేరినట్టు కాదు. నలుగురు ఆడవాళ్లు కూడి ఖుత్బా (జుమా ప్రసంగం) చదువుకున్నా జుమా అవ్వదు. ఆడవాళ్లకు జుమా ఫర్జ్ (తప్పనిసరి) కాదని అబూదావూద్ సంకలనంలోని హదీసులోనే (ప్రవక్త మాటలోనే) ఉంది, కాబట్టి ఏదో పోగొట్టుకున్నామని బాధపడకండి. ఆడవాళ్లకు చోటున్న మసీదుకు వెళ్లి చదివితే మాత్రం ఆ రెండు రకాతులే చాలు, మళ్లీ జొహర్ అక్కర్లేదు.

ఇంట్లో అయితే మామూలు జొహరే: 4 రకాతులు సున్నత్ (ప్రవక్త ఆచరించినవి), 4 ఫర్జ్, 2 సున్నత్, ఓపికుంటే 2 నఫిల్ (ఐచ్ఛికం). సున్నత్ నాలుగింటిలోనూ ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) తర్వాత ఇంకో సూరా (అధ్యాయం) కలపాలి. ఫర్జ్‌లో మొదటి రెండింటికే సూరా. అంతా మెల్లగానే చదవాలి.

ఎక్కువమంది తడబడేది ఫర్జ్‌లో రెండో రకాతు దగ్గర. నాలుగూ అయిపోయాయనుకుని పొరపాటున సలాము (నమాజు ముగించే పలుకు) చెప్పేస్తే, మాట్లాడకముందే, కిబ్లా (మక్కా దిక్కు) నుంచి తిరగకముందే లేచి మిగతా రెండూ చదివి సజ్దా సహూ (మరుపును సరిదిద్దే అదనపు సజ్దాలు) చేస్తే సరిపోతుంది. ‘ఈరోజు జుమా కదా, రెండే’ అనుకుని చెప్పిన సలాముకు ఆ సవరణ చెల్లదు. నమాజు తెగిపోయినట్టే, మొదటినుంచీ చదవాలి. అందుకే నియ్యత్‌లోనే (సంకల్పంలోనే) ‘జొహర్ ఫర్జ్ నాలుగు’ అని మనసులో గట్టిగా అనుకోండి.

నైలాన్ దుపట్టా వద్దు. రుకూలో (నడుము వంచినప్పుడు) జారుతుంది, పల్చనిదైతే జుట్టు కనిపిస్తుంది. కప్పుకోవాల్సిన అవయవంలో నాలుగోవంతు మూడు తస్బీహులు (దేవుణ్ణి స్తుతించే చిన్న పలుకులు) చదివేంత సేపు బయటపడితే నమాజు పోతుంది. వుజూకి (నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి) ముందు గోళ్లు చూసుకోండి. ఎండిన చపాతీ పిండి, నెయిల్ పాలిష్ నీటిని ఆపేస్తాయి, గోరింటాకు రంగు ఆపదు.

రాయగడ నుంచి:
టైం సంగతి నేను చెప్తాను. జొహర్ వక్తు (నడినెత్తి నుంచి పొద్దు వాలాక వచ్చే సమయం) మొదలవ్వగానే చదువుకోవచ్చు, జుమా అయ్యేదాకా ఆగనక్కర్లేదు. కానీ ఆ హైదరాబాద్ కాగితం తీసేయండి అక్కా. బరంపురం హైదరాబాద్‌కి 6 డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మీకు పొద్దు 25 నిమిషాలు ముందే వాలుతుంది. నవంబరు మొదట్లో 11:35కే, ఫిబ్రవరి మధ్యలో 12:05కి. అది దాటాక 5 నిమిషాలు ఆగి చదవండి. జొహర్ ఆలస్యంగా చదివితే నష్టం లేదు. అసలు చిక్కు సాయంత్రమే. సూర్యాస్తమయం మీకు కాలాన్ని బట్టి 20 నుంచి 30 నిమిషాలు ముందుంటుంది. ఆ కాగితం నమ్మి అసర్ (సూర్యాస్తమయంతో ముగిసే సాయంత్రపు నమాజు) చివరిదాకా ఆపితే ఖజా (సమయం దాటిపోయినది) అయిపోవచ్చు. శుక్రవారం దుఆ (వేడుకోలు) అంగీకరించే ఘడియ అసర్ తర్వాత చివరి గంటలో వెతకమని హదీసు. ఆ కాగితం నమ్మితే ఆ గంటలోనూ దాదాపు సగం జారిపోతుంది.

గంజాం చెల్లెలు:
జజాకల్లాహ్. హైజ్ (నెలసరి) రోజుల్లో శుక్రవారం ఏం చేయొచ్చు? శుక్రవారం చదివే సూరా కహఫ్ (ఖురాన్ 18వ అధ్యాయం) చదవకపోతే వెలితిగా ఉంటోంది.

పర్లాకిమిడి ఆపా:
ఆ రోజుల్లో నమాజు లేదు, దానికి బదులు తర్వాత చదవాల్సిన ఖజా కూడా లేదు. ఖురాన్ చదవడం హనఫీలో కుదరదు. వేరే ఉలమాలు (మత పండితులు) కొందరు అనుమతిస్తారు, మీరు మీ ఆలిమ్ మాట మీదే ఉండండి. కహఫ్ వినొచ్చు. ఖురాన్‌లోని దుఆలను దుఆ ఉద్దేశంతో అడగొచ్చు. దరూద్‌కి (ప్రవక్తకు దీవెనలు కోరే పలుకులకు) ఏ అడ్డూ లేదు, వుజూ కూడా అక్కర్లేదు. శుక్రవారం దరూద్ ఎక్కువగా పంపమన్నారు కాబట్టి పొయ్యి దగ్గర నిలబడే చదువుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. జొహర్ వక్తు ముగిసేలోపు రక్తం ఆగి, స్నానం చేసి ‘అల్లాహు అక్బర్’ అనేంత సమయం మిగిలినా ఆ జొహర్ మీ మీద పడుతుంది.

మిగతా శుక్రవారాల్లో కహఫ్‌ని ఒకేసారి కూర్చుని ముగించాలని లేదు. 110 ఆయతులు (వాక్యాలు). గురువారం మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) నుంచే మొదలుపెట్టొచ్చు, శుక్రవారం మగ్రిబ్ లోపు ముక్కలుగా పూర్తిచేస్తే చాలు. ఆ మగ్రిబ్ కూడా బరంపురం లెక్కనే.