హవల్దారుగా దిగి (రిటైరై) మళ్లీ సిపాయిగా చేరడం: డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

కంభం_గన్నర్:
అందరికీ నమస్కారం. ఆర్టిలరీలో (ఫిరంగి దళం) హవల్దారుని. వచ్చే ఏడాది పెన్షన్ వస్తాను, అప్పటికి 43 నిండుతాయి. అమ్మాయి ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి. పొలం ఉంది గానీ వానను నమ్ముకున్న పొలం, దాని మీద పిల్లల చదువులు నడవవు. మాజీ సైనికులను తీసుకుని రక్షణ స్థావరాలకు కాపలా పెట్టే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కి, అంటే డీఎస్సీకి (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదండీ), అప్లై చేద్దామని ఉంది. ఇక్కడ నాయక్‌గా దిగినా, దాని పై ర్యాంకు హవల్దారుగా దిగినా అక్కడ అన్నిటికంటే కింది ర్యాంకు సిపాయిగానే తీసుకుంటారు. గన్ మీద నంబర్ వన్‌గా, అంటే ఫిరంగి జట్టుకు పెద్దగా చేసినవాణ్ణి, రేపు గేటు దగ్గర రైఫిల్ పట్టుకుని నిలబడాలి. మా అన్నదమ్ములకు ఇది చిన్నతనంగా ఉంది. చేరినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. జీతం, పెన్షన్ సంగతులు కూడా.

డిపో_సంత్రీ:
తమ్ముడూ, నేను ఇన్‌ఫాంట్రీలో హవల్దారుగా దిగి, ఇప్పుడు ఒక ఆర్డినెన్స్ డిపోలో (సైన్యం ఆయుధాలు, సామగ్రి ఉంచే చోటు) డీఎస్సీ సిపాయిని. చేరగానే వెళ్లే కన్నూరు డీఎస్సీ సెంటర్‌లో ఏమీ అనిపించదు. అక్కడ లైన్లో నీ ముందు నిలబడ్డవాడూ నీ వెనకవాడూ నిన్నటిదాకా ఎక్కడో నాయకో హవల్దారో. అందరి భుజాలూ ఖాళీయే.

మనసు కష్టపడేది యూనిట్‌కి వెళ్లాక. సీనియారిటీ డీఎస్సీలో చేరిన తేదీ నుంచే లెక్క. పాత పల్టన్‌లో నా సెక్షన్‌లో పనిచేసిన కుర్రాడు నాకంటే ముందు దిగి, ముందు ఇక్కడ చేరాడు. నేను వచ్చేసరికి అతనే గార్డ్ కమాండర్. నాకంటే అతనికే ఎక్కువ ఇబ్బందిగా ఉంది, డ్యూటీ పేరు చదవడానికి నోరు రాలేదు. "ఉస్తాద్, నా పోస్టు ఎక్కడో చెప్పండి" అని నేనే అడిగాను. ఆ తర్వాత మా మధ్య ఏ అరమరికా లేదు. ఆ మాట మనంతట మనం అనగలిగితే ఇక్కడ బతకొచ్చు. అనలేనివాళ్లను కూడా చూశాను, మధ్యలోనే వదిలేసి ఇంటికి పోయారు. ప్రమోషన్లు ఉన్నాయి, మళ్లీ నాయక్, హవల్దారు కావచ్చు, కానీ ఖాళీలు తక్కువ, నడక నెమ్మది.

గౌరవం కంటే ముందు నీ మోకాళ్లను అడుగు. సంత్రీ (కాపలా) డ్యూటీలో రాత్రిళ్లు నిలబడటం ఇరవై ఐదేళ్లప్పుడు ఒక రకం, నలభై ఐదులో ఇంకో రకం.

రికార్డ్స్_బాబాయ్:
క్లర్క్‌గా చేసి దిగినవాణ్ణి, ఈ కాగితాలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. గన్నర్ గారూ, మీ వయసు చూసి రాస్తున్నాను. చాలామంది ర్యాంకు గురించి రాత్రంతా ఆలోచిస్తారు, తేదీల లెక్క వెయ్యరు.

డీఎస్సీలో సర్వీసు 57 ఏళ్ల దాకా. రెండో పెన్షన్ రావాలంటే అక్కడ విడిగా 15 ఏళ్లు నిండాలి. 42 దాటి చేరినవాడికి అది అందదు. మీరు 43కి దిగి, ఆరు నెలలు ఇంట్లో ఉండి, ఆ తర్వాత కాగితాలు కదిపితే 44 దగ్గర పడతారు. 13 ఏళ్లు చేస్తారు. అప్పుడు వచ్చేది ఒకేసారి చేతికిచ్చే సర్వీస్ గ్రాట్యుటీ, పెన్షన్ కాదు. ఏడాది లోపు తక్కువైతే మాఫీ చేయించుకుందాం అని ధీమాగా ఉండకండి. రెండో పెన్షన్‌కు ఆ మాఫీ వర్తించదని రక్షణ శాఖ 2017లో చెప్పింది, దాని మీద మనవాళ్లు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

జీతం. సిపాయిది జీతాల పట్టికలో లెవల్ 3, మొదటి మెట్టు బేసిక్ నెలకు 21,700. మీరు హవల్దారుగా ఇప్పుడు తీసుకుంటున్న బేసిక్‌తో పోల్చుకుంటే కడుపులో దిగులు పుడుతుంది, కానీ పోల్చాల్సింది దానితో కాదు. మీ పెన్షన్ మీకు వస్తూనే ఉంటుంది, దాని పైన ఈ జీతం. ఆఫీసరు కంటే కింది ర్యాంకుల్లో దిగినవాళ్లకు తిరిగి చేరినప్పుడు పెన్షన్‌ను జీతంలోంచి కొయ్యరు. జీతం కనీస మెట్టు దగ్గరే పెడితే పెన్షన్ మీద డీఆర్ (కరువు భత్యం) కూడా ఆగదు.

చేరేటప్పుడు ఒక ఆప్షన్ అడుగుతారు: పాత పెన్షన్ ఉంచుకుంటారా, లేక అది ఆపించి పాత సర్వీసును కొత్తదానిలో కలుపుకుంటారా అని. మీలా ఇరవై ఏళ్లు దాటి పూర్తి పెన్షన్‌తో దిగినవాళ్లు కలుపుకోవడం నా దృష్టిలో నష్టం. చదవకుండా సంతకం పెట్టకండి.

గాజువాక_గృహిణి:
అన్నయ్యగారూ, మా ఆయన ఇదే పని చేశారు. ఆయన ర్యాంకు గురించి ఊళ్లో అన్న మాటలు రెండు నెలల్లో ఆగిపోయాయి. మా ఇంట్లో కష్టం వేరే. పెన్షన్ వస్తారు, ఇక మనతోనే ఉంటారు అని పిల్లలూ నేనూ ఎన్నో ఏళ్లు ఎదురుచూశాం. వచ్చి కొద్ది నెలలుండి మళ్లీ పెట్టె సర్దుకున్నారు. విశాఖలో నేవీ ఉంది కదా, ఇక్కడికే పోస్టింగ్ వస్తుందని ఆశపడ్డాం. పడింది మధ్యప్రదేశ్‌లో. క్వార్టర్ కావాలంటే వరుస, ఆ వరుసలో కొత్త సిపాయి ఎక్కడుంటాడో మీకు తెలుసు.

డబ్బు ఉపయోగపడింది, కాదనను. పెద్దవాడి ఇంజినీరింగ్ ఫీజు అప్పు లేకుండా కట్టాం. కానీ మీ అన్నదమ్ముల మాట మీరు రాశారు, మా వదినగారి మాట రాయలేదు. ముందు ఆమెను అడగండి. మీ అమ్మాయిని కూడా అడగండి, ఇంటర్ పిల్ల అంటే చిన్నపిల్ల కాదు.

కరీంనగర్_ఫౌజీ:
అన్నా, నేను అటు పోలే. దిగినంక మొదలు హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల సూపర్‌వైజర్ అన్నరు. పేరుకే సూపర్‌వైజర్, పన్నెండు గంటల డ్యూటీ, జీతం టైముకు రాదు. అక్కడ సివిల్ మేనేజర్ ఏకవచనంల పిలిస్తే వచ్చే బాధ, నీ తోటి ఫౌజీ కింద సిపాయిగ ఉంటే రాదు. గది నా అనుభవం.

బ్యాంకు పరీక్షలు రాసినంక క్లర్క్ వచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకులల్ల క్లర్క్ పోస్టులకు మాజీ సైనికుల కోటా 14.5 శాతం, కింది పోస్టులకు 24.5. వయసుల మన సర్వీసు మొత్తం తీసేసి ఇంకో మూడేళ్లు కలుపుతరు. మెట్రిక్ చదివి 15 ఏళ్లు సర్వీసు చేసినోళ్లకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ యూనిట్ల ఉన్నప్పుడే తీసుకో, దిగినంక తిరుగుడు కష్టం. లెక్కలు, కంప్యూటర్ ఇప్పటి సంది పట్టు. కౌంటర్ల నాకంటే చిన్న పిల్లల దగ్గర పని నేర్చుకున్న, అది గూడ ఒక రకంగ ర్యాంకు దిగుడే. కానీ సాయంత్రం ఇంట్ల ఉంట.

మాధవరం_పెద్దాయన:
బాబూ, మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. ఇక్కడ ఇంటికొకరు ఫౌజులో చేసినవాళ్లే. గేటు దగ్గర నిలబడటం చిన్నతనం అన్నవాళ్లకు ఒక్క సంగతి చెప్పు. 2016 జనవరి 2 తెల్లవారుజామున పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్‌లోకి ఉగ్రవాదులు దూరినప్పుడు ఎదురుపడి ప్రాణాలిచ్చినవాళ్లలో అయిదుగురు డీఎస్సీ వాళ్లు. వాళ్లలో జగదీశ్ చంద్ చేతిలో ఆయుధం లేదు. అయినా వెంటపడి ఒకణ్ణి ఒడిసి పట్టుకుని, వాడి తుపాకీతోనే వాణ్ణి చంపాడు. తర్వాత మిగతావాళ్ల కాల్పుల్లో పోయాడు. మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చారు. ఆయనా డోగ్రా రెజిమెంట్‌లో ఒక సర్వీసు పూర్తి చేసి మళ్లీ వచ్చినవాడే. 1947 నుంచి ఉన్న కోర్ అది. నువ్వు హవల్దారువన్నది నీ డిశ్చార్జి బుక్కులో ఉంది, దాన్ని ఎవరూ చెరపలేరు. డబ్బు లెక్క, ఇంటి లెక్క నీకు కుదరకపోతే మానెయ్యి. చుట్టాల మాటకు మాత్రం మానకు.

నెల్లూరు_సిగ్నల్స్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు బీపీ ఉంది, లో మెడికల్ కేటగిరీలో (ఆరోగ్యం పూర్తి ఫిట్ కాదని రాసి) దిగాను. నాకు వీలవుతుందా?

రికార్డ్స్_బాబాయ్:
సిగ్నల్స్ బాబూ, అక్కడ షేప్ వన్, అంటే పూర్తి ఫిట్ అనే మెడికల్ కేటగిరీ కావాలి. మీరు బ్యాంకు, రాష్ట్ర సర్వీసుల వైపు చూడండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం మర్చిపోకండి.

కంభం_గన్నర్:
అందరికీ చేతులెత్తి దండం. బాబాయ్, 15 ఏళ్ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. యూనిట్‌లో అందరూ "రెండు పెన్షన్లు" అనే మాటే చెప్పారు. నా లెక్కలో ఎటు చూసినా 14 దాటడం లేదు. రాత్రి ఇంటావిడతో మాట్లాడాను. అమ్మాయి డిగ్రీ అయ్యేదాకా జీతం కోసమే అయితే వెళ్లు, రెండో పెన్షన్ ఆశతో అయితే వద్దు అంది. బ్యాంకు పుస్తకాలు తెప్పిస్తున్నాను. పరీక్ష రాకపోతే డీఎస్సీకి దారి ఎంతకాలం తెరిచి ఉంటుంది?

రికార్డ్స్_బాబాయ్:
జనరల్ డ్యూటీ సిపాయికైతే, ఆర్మీ నుంచి దిగిన రెండేళ్ల లోపు. కాబట్టి బ్యాంకు పరీక్షలకు ఒక ఏడాది పెట్టుకోండి, అంతకు మించి ఆగకండి. మీ కాగితాల్లో క్యారెక్టర్ (నడవడిక) ఏమని రాశారో, రెడ్ ఇంక్ ఎంట్రీలు (శిక్షల నమోదు) ఏమైనా ఉన్నాయో డిశ్చార్జికి ముందే చూసుకోండి. తప్పుంటే యూనిట్ క్లర్క్ దగ్గర ఉండగానే సరిచేయించడం తేలిక.

డిపో_సంత్రీ:
వస్తే ఉదయం పరుగు ఆపకుండా రా తమ్ముడూ. సెలవుల్లో కూడా.