సమస్యాపూరణం: కాలనీయని రొట్టెయె కమ్మనయ్యె

నిర్వాహకుడు, తిరుపతి: ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి రాగిరొట్టెలు చేసుకునే వేళ నాకు ఎంతో ఇష్టం కనుక, ఈ వారం సమస్యను, అంటే మీరు పద్యంగా పూరించాల్సిన చివరి పాదాన్ని, అక్కడి నుంచే తీసుకున్నాను.

కాలనీయని రొట్టెయె కమ్మనయ్యె

పలమనేరు మాస్టారు:

నాన్న పిండినిఁ గలుపఁగ, నవ్వుకొనుచు
నవ్వ ముద్దల నొత్తఁగ, నట్లకాడ
తమ్ముఁడే త్రిప్పె నట నిల్చి, యమ్మ చేయి
కాలనీయని రొట్టెయె కమ్మనయ్యె.

పుత్తూరు కవి: కాలకుండా మిగిలింది రొట్టె కాదు, అమ్మ చేయి అన్న విరుపు చాలా బాగుంది. 2023లో చిరుధాన్యాల సంవత్సరమని మాస్టారు రాసిన సీసంలో రాగుల గుణగణాలే తప్ప పొయ్యి దగ్గర మనిషి కనిపించలేదు. ఆ లోటు ఇప్పటికి తీరింది. అయితే చేయి చురుక్కుమనేది రొట్టెను తిప్పేటప్పుడు కాదు, ఆకు మీద తట్టిన రొట్టెను పెనం మీద బోర్లించి ఆ ఆకును ఒలిచేటప్పుడు. కనుక ఇలా ఉండాలి:

నవ్వ ముద్దల నొత్తఁగ, నరిటియాకు
తమ్ముఁడే యొల్చె నట నిల్చి; యమ్మ చేయి

చంద్రగిరి సభ్యుడు:

మంట తగ్గించి, మూఁకుడు మాటువెట్టి,
యావిరిని నిల్పి, కొంతసే పాగి తిప్పి,
మాడకుండఁగఁ గాచిరి మనవళ్ళెల్ల;
కాలనీయని రొట్టెయె కమ్మనయ్యె.

పలమనేరు మాస్టారు: మూకుడు మూసి ఆవిరి నిలపడం అనుభవం ఉన్నవారి మాట. 'మనవళ్ళెల్ల'లో 'వ' గురువై గణం చెడింది; 'మనుమలెల్ల' అంటే సరిపోతుంది. కానీ మాడనీయకపోవడం వేరు, కాలనీయకపోవడం వేరు. కాలని రొట్టె పచ్చిగానే ఉంటుంది కదా, సమస్యలోని చిక్కు విడలేదు. ఇక పుత్తూరు వారి సవరణలో తల్లి చేయి తప్పించుకుంది గాని పిల్లవాడి వేళ్ళు పెనం మీదికి వెళ్ళాయి. వాడి వేలు చుర్రుమంటే ఆ తల్లికి రొట్టె కమ్మగా ఉంటుందా?

కుప్పం సభ్యురాలు: మాస్టారూ, తొందరపడకుండా ఆకు వాడేదాకా ఆగితే అది కొస పట్టుకోగానే ఊడి వస్తుంది, పిల్లలు కూడా తీయగలరు. నేను పుత్తూరు వారి పాఠానికే ఓటు వేస్తాను. మా అభ్యంతరం మొదటి పాదం మీద. గోధుమలో ఉండే, పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ రాగిలో లేదు. వేన్నీళ్ళు పోస్తేనే పిండి ఉబ్బి జిగురు పట్టి అతుక్కుంటుంది, లేకుంటే మునగాకు, ఎర్రగడ్డ ముక్కలు కలిపి తట్టేటప్పుడే అంచులు పగులుతాయి. రెండు పూరణల్లోనూ ఆ నీళ్ళు లేవు. నా సవరణ ఇది:

నాన్న వేన్నీటఁ గలుపఁగ, నవ్వుకొనుచు

'పిండి' పోయిందని ఎవరూ బెంగపడనక్కరలేదు, తర్వాతి పాదంలో అవ్వ చేతిలో ముద్దలున్నాయి.